ఘన ఆక్సైడ్ సెల్: వాహకత ఒక్కటే చూసి సంబంధం కలుపుకోకండి

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నారు. పగలు మిగిలిపోయే సౌర విద్యుత్తుతో నీటి ఆవిరిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఘన ఆక్సైడ్ సెల్ మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నారు. ఇప్పుడున్న వాటికంటే ఎక్కువ వాహకత గల కొత్త ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ పదార్థం తయారు చేయాలని మీ ఉద్దేశం. చేతిలో 1,400 డిగ్రీల దాకా వెళ్లే మఫుల్ ఫర్నేసు ఒకటి, వారానికి ఒకరోజు వాడుకోనిచ్చే ఇంపిడెన్స్ యంత్రం (సెల్ లోపలి నిరోధాలను కొలిచేది) ఒకటి ఉన్నాయి. గడువు పది నెలలు. ఇదంతా రామగుండం లాంటి చోట ఎప్పటికైనా పనికొస్తుందా అని చివర్లో అడిగారు.

ఆ ప్రాజెక్టు చేయకండి. ఘన ఆక్సైడ్ సెల్ పనికిరానిది కాదు, మీరు వెతకబోయే గుణం దానికి అక్కర్లేనిది. ఇరవై రెండేళ్లుగా సిరామిక్స్ కాలుస్తూ, కాల్చినవాటిలో సగం పగలగొట్టుకుంటూ బతుకుతున్నవాణ్ని. నేనూ మీ వయసులో ఇదే పొరపాటు చేశాను. రెండేళ్లు పోయాయి. మీకు ఉన్నవి పది నెలలే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సెల్ అంటే ముఖ్యంగా మూడు పొరలు. మధ్యలో గాలి చొరబడని దట్టమైన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) పొర, అదే ఎలక్ట్రోలైట్. ఒక పక్క నికెల్, జిర్కోనియా కలిసిన రంధ్రాల పొర ఉంటుంది, ఆవిరి అక్కడికి వస్తుంది. రెండో పక్క ఉండేది పెరోవ్‌స్కైట్ జాతి ఆక్సైడ్, అదే మీరనే ఆక్సిజన్ ఎలక్ట్రోడ్. 700 నుంచి 850 డిగ్రీల వేడిలో కరెంటు పెడితే నికెల్ వైపు ఆవిరి విడిపోతుంది. హైడ్రోజన్ అక్కడే మిగులుతుంది, ఆక్సిజన్ అయాన్‌గా మారి జిర్కోనియా గుండా అవతలికి చేరుతుంది. పని తిరగేసి హైడ్రోజన్ పోస్తే అదే సెల్ కరెంటు ఇస్తుంది.

రాయిలాంటి జిర్కోనియాలోంచి ఆక్సిజన్ ఎలా నడుస్తుందని మా ఊళ్లో పెద్దలు అడుగుతుంటారు. నడవడానికి దారి మనమే చేసి పెడతాం. జిర్కోనియాలో 8 మోల్ శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలుపుతాం. నాలుగు చేతుల (అంటే వేలెన్సీ నాలుగు ఉన్న) జిర్కోనియం ఉండాల్సిన చోట మూడు చేతుల యిట్రియం కూర్చుంటుంది. అలా రెండు యిట్రియంలు చేరిన ప్రతిచోటా ఒక ఆక్సిజన్ గది ఖాళీ అవుతుంది. వేడికి పక్కనున్న ఆక్సిజన్ ఆ ఖాళీలోకి దూకుతుంది, అది వదిలిన గదిలోకి ఇంకొకటి దూకుతుంది. యిట్రియా వల్ల రెండో లాభం కూడా ఉంది. ఉత్త జిర్కోనియా 1,170 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుంటుంది. చల్లారేటప్పుడు మళ్లీ పాత రూపానికి వస్తూ ఉబ్బి, దానికదే పగిలిపోతుంది. యిట్రియా ఆ గోల లేకుండా చేస్తుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. నెర్న్‌స్ట్ 1890ల చివర్లోనే ఇలాంటి జిర్కోనియా కడ్డీతో దీపం వెలిగించాడు. 1937లో బవర్, ప్రైస్ అనే ఇద్దరు దీనితో ఇంధన సెల్ చేసి చూపారు. కార్ల పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు కూడా చాలావరకు ఇదే పదార్థం.

ఇప్పుడు మీ వాహకత సంగతి. కాగితం, పెన్ను తీసుకుని నాతోపాటు లెక్క వేయండి. 800 డిగ్రీల దగ్గర ఈ జిర్కోనియా వాహకత సెంటీమీటరుకు సుమారు 0.03 సీమెన్స్. పొర మందం 150 మైక్రాన్లు ఉంటే ఒక చదరపు సెంటీమీటరు అడ్డు నిరోధం 0.5 ఓం. అర ఆంపియరు పంపితే పావు వోల్టు అక్కడే వేడిగా పోతుంది. అదే పొరను 10 మైక్రాన్లకు దించితే నిరోధం 0.033 ఓంకు పడిపోతుంది. పదార్థం మారలేదు, పలచబడింది, అంతే. ఇక మీ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌కు రండి. మీ గైడు చెప్పిన ఎల్‌.ఎస్‌.సి.ఎఫ్‌., అంటే లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన ఆక్సైడ్, ఆ వేడిలో సెంటీమీటరుకు 300 సీమెన్స్ దాకా ఇస్తుంది. 30 మైక్రాన్ల పొరకు లెక్క కడితే నిరోధం ఒక ఓంలో లక్షో వంతు. మీరు పది నెలలు కష్టపడి దీన్ని రెట్టింపు చేశారనుకోండి, లక్షో వంతు కాస్తా రెండు లక్షలో వంతవుతుంది. దాన్ని కొలిచే మీటరు మీ ప్రయోగశాలలో లేదు, నా దగ్గరా లేదు. రంధ్రాల వల్ల వాహకత ఇంకొంత తగ్గుతుంది, కరెంటు పక్కవాటుగా కూడా పారాలి, అవన్నీ ఒప్పుకుంటాను. అయినా తేడా అక్కడ రాదు. ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ పని తేలేది పైతలం మీద: ఆక్సిజన్ ఎంత త్వరగా వాయువు నుంచి అయాన్‌గా, అయాన్ నుంచి వాయువుగా మారుతుందన్న చోట.

అసలు కథ పొరుగువాళ్లతో మొదలవుతుంది. వరుడి జీతం ఒక్కటే అడిగి సంబంధం ఖాయం చేసే ఇల్లు ఉంటుందా? ఇంట్లో ఎవరెవరున్నారు, ఎలాంటి మనుషులు అని వాకబు చేస్తారు. పదార్థాల ఎంపికలో ఆ వాకబే ప్రధానం, వాహకత జీతం లాంటిది.

మొదటి వాకబు వ్యాకోచం. పది సెంటీమీటర్ల సెల్‌ను 800 డిగ్రీలు వేడెక్కించండి. జిర్కోనియా 0.84 మిల్లీమీటర్లు సాగుతుంది. స్టాకులో, అంటే సెళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరలో, వాడే ఫెరిటిక్ ఉక్కు 0.96 మిల్లీమీటర్లు సాగుతుంది, అది సర్దుకుపోయే తేడా. ఎల్‌.ఎస్‌.సి.ఎఫ్‌.ను విడిగా కొలిస్తే సుమారు 1.25 మిల్లీమీటర్లు. ఇనుము తీసేసి కోబాల్ట్ నిండుగా పోస్తే వాహకత బాగా పెరుగుతుంది కానీ సాగడం 1.6 మిల్లీమీటర్లు దాటుతుంది. ఎలక్ట్రోలైట్‌కు అతుక్కుని ఉన్న పొర దానికి రెట్టింపు సాగాలనుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారేసరికి అప్పడంలా లేచి వచ్చేస్తుంది. కోబాల్ట్‌తో వాహకత, కోబాల్ట్‌తోనే వ్యాకోచం. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కునే మూలకం అది.

రెండో వాకబు రసాయనం. స్ట్రాన్షియం ఉన్న ఎలక్ట్రోడ్‌ను నేరుగా జిర్కోనియా మీద పూసి కాలిస్తే రెంటి మధ్యా స్ట్రాన్షియం జిర్కొనేట్ పుడుతుంది. ఆక్సిజన్ అయాన్‌కు అది గోడ. అందుకే మధ్యలో గడోలినియం కలిపిన సీరియా (సీరియం ఆక్సైడ్) పొర ఒకటి వేస్తారు. ఇక్కడ అందరూ ఒకసారి తల పట్టుకుంటారు. ఆ సీరియా దట్టంగా కూడాలంటే 1,300 డిగ్రీల దాకా కాల్చాలి. అలా కాలిస్తే సీరియా, జిర్కోనియా ఒకదాంట్లో ఒకటి కరిగి వాహకత తక్కువ ఉన్న మిశ్రమం తయారవుతుంది. భయపడి తక్కువ వేడిలో కాలిస్తే పొరలో రంధ్రాలు మిగులుతాయి, ఆ రంధ్రాల్లోంచి స్ట్రాన్షియం ఆవిరై జిర్కోనియాను చేరుకుంటుంది. ముందుకు వెళితే నుయ్యి, వెనక్కు వెళితే గొయ్యి. మధ్యలో ఉన్న సన్నటి గట్టు మీద నడవడమే ఈ రంగంలో నైపుణ్యం. కొత్త పదార్థం కనిపెట్టామని వచ్చే వ్యాసాల్లో సగం ఈ గట్టు దాకా రావు. మాత్ర అంత పెల్లెట్ చేసి, వాహకత కొలిచి, ముగిస్తారు.

మూడో పొరుగు నికెల్. దీని గురించి ఒక రాత్రి కథ చెబుతాను. ఊరు, పేరు వద్దు. పన్నెండేళ్ల కిందట ఒక ప్రయోగశాలలో నా సెల్ తొమ్మిది వందల గంటలు నడిచింది. 750 డిగ్రీలు, కరెంటు తీసేసి చూస్తే 1.08 వోల్టులు, గీత గీసినట్టు నిలకడగా ఉంది. శనివారం రాత్రి హైడ్రోజన్ సిలిండరు అయిపోయింది. మార్చాల్సిన మనిషి ఎవరో పెళ్లికి వెళ్లాడు, చెప్పాల్సిన నేను మరిచిపోయాను. ఆదివారం ఉదయం వెళ్లేసరికి మీటరు సున్నా దగ్గర ఉంది. ఫర్నేసు చల్లార్చి తీసి చూస్తే, బూడిద రంగులో ఉండాల్సిన నికెల్ పొర అంచులన్నీ లేత ఆకుపచ్చగా మారాయి. ఆ పచ్చ నికెల్ ఆక్సైడ్‌ది. మధ్యలో మాత్రం రూపాయి బిళ్లంత బూడిద రంగు మిగిలింది. పైన జిర్కోనియా పొర నిండా వేసవిలో ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. భూతద్దం కూడా అక్కర్లేకుండా కనిపించాయి.

జరిగింది ఇదీ. నికెల్ ఆక్సైడ్‌గా మారితే ఘనపరిమాణం సుమారు 70 శాతం పెరుగుతుంది. మొదట్లో మనం ఆక్సైడ్‌గా కాల్చి, తర్వాత హైడ్రోజన్‌తో లోహంగా మారుస్తాం కాబట్టి అది కుంచించుకుని రంధ్రాలు వదులుతుంది, అది మనకు కావలసిందే. కానీ ఆ లోహం వేడిలో ఉండి ఉండి జరుగుతుంది, ముద్దలు కడుతుంది. మళ్లీ ఆక్సైడ్ కావాల్సి వస్తే పాత గదుల్లో పట్టదు. అస్థిపంజరంలా ఉన్న జిర్కోనియాను లోపలినుంచి నెడుతుంది. పైనున్న పది మైక్రాన్ల పొర సాగలేక పగులుతుంది. కరెంటు కోతలు, సిలిండరు ఆలస్యాలు ఉన్న మన దగ్గర ఇది పుస్తకాల్లో చదివే ప్రమాదం కాదు. నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన సిలిండరు ఒకటి, దానంతట అదే తెరుచుకునే వాల్వుతో పక్కన ఉండాలి. ఆ వాల్వు ఖరీదు చూసి అప్పట్లో మేం వెనక్కు తగ్గాం.

ఎలక్ట్రాలిసిస్‌లో, అంటే కరెంటుతో ఆవిరిని విడగొట్టేటప్పుడు, నికెల్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. కరెంటు గట్టిగా పంపితే అది ఎలక్ట్రోలైట్ దగ్గరనుంచి మెల్లగా దూరంగా జరిగిపోతుంది. అసలు పని జరగాల్సిన చోటే ఎడారి అవుతుంది. అవతలి వైపు ఆక్సిజన్ పీడనం పెరిగి ఎలక్ట్రోడ్ ఊడి వస్తుంది. ఆశ పుట్టించే సంగతి ఒకటుంది: కొంతసేపు ఎలక్ట్రాలిసిస్, కొంతసేపు ఇంధన సెల్‌గా తిప్పుతూ నడిపితే ఆ ఆక్సిజన్ వైపు దెబ్బ దాదాపు కనిపించలేదని డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం 2015లో చూపింది. పగలు సూర్యుడు, రాత్రి ఇంధన సెల్ అనే మీ ఆలోచనకు ఇది అనుకూలం. ఒకే దిశలో, ఇంధన సెల్‌గా మాత్రమే నడిపితే జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఒక చిన్న స్టాకు 2007లో మొదలై 2019 దాకా, 700 డిగ్రీల దగ్గర లక్ష గంటలు పనిచేసింది. అంటే ఓపికగా పొరుగులు కుదిర్చితే ఇవి బతుకుతాయి.

రంధ్రాల మాట వచ్చింది కాబట్టి రామప్ప దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మీరు చూసే ఉంటారు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకు ఎక్కింది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయి. మట్టిలో కాలిపోయే పదార్థం ఏదో కలిపి కాల్చారు, అది పోయిన చోట గాలి మిగిలిందని చెబుతారు. మనం ఎలక్ట్రోడ్‌లో చేసేది సరిగ్గా అదే. పిండి పదార్థమో, గ్రాఫైటో కలిపి కాలిస్తే అవి మాడిపోయి రంధ్రాలు మిగులుతాయి. ఆవిరి లోపలికి, హైడ్రోజన్ బయటికి రావడానికి దారులు అవే.

ఈ పోలిక విని ఒక కుర్రాడు ఉత్సాహంగా కరీంనగర్ రైస్ మిల్లు నుంచి బస్తాడు ఊక తెచ్చాడు. స్థానిక వ్యర్థంతో ఘన ఆక్సైడ్ సెల్ అని పోస్టరు కూడా సిద్ధం చేసుకున్నాడు. సెల్ చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది, కరెంటు మాత్రం రాలేదు. ఎందుకంటే ఊక బూడిదలో దాదాపు తొంభై శాతం సిలికానే. ఇటుకకు సిలికా బలం, మనకు విషం. జిర్కోనియా గింజల సరిహద్దుల్లో గాజులా పేరుకుని అయాన్ల దారి మూసేస్తుంది, నికెల్ పనిచేసే అంచులను కప్పేస్తుంది. అంతెందుకు, మీ ఫర్నేసులో ముల్లైట్ పళ్లెం మీద పెట్టి కాలిస్తే చాలు, కొంత సిలికా అంటుకుంటుంది. జిర్కోనియా పళ్లెమో, శుద్ధ అల్యూమినా పళ్లెమో వాడండి. బియ్యపు పిండి వాడాలనిపిస్తే ముందు కొద్దిగా మూసలో కాల్చి బూడిద ఎంత మిగిలిందో తూచండి. మొక్కజొన్న పిండి నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

పొరలు పోయడం గురించి కూడా ఒక మాట. పొడి, ద్రావణి, బంక కలిపి దోసెపిండిలా జారుగా చేసి, బ్లేడుతో పలచగా లాగుతాం. పుస్తకంలో ఆరబెట్టాలి అని రెండు మాటల్లో ఉంటుంది. మే నెలలో వరంగల్‌లో నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఫ్యాను కింద పెడితే పైన చర్మం కట్టి, లోపల తడి అలాగే ఉంటుంది. గంటలో చీలికలు వస్తాయి. తెల్లవారుజామున పోసి, పైన గాజు పెట్టె బోర్లించి, ఫ్యాను ఆపేయండి. వర్షాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తిప్పలు ఉంటాయి, అవి మీకు జూలైలో తెలుస్తాయి.

కాల్చిన సగం సెల్ (ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ఇంకా పూయనిది) మంచిదో కాదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. జిర్కోనియా వైపు ఒక చుక్క స్పిరిట్‌లో రంగు కలిపి వేయండి. ఐదు నిమిషాల తర్వాత వెనక నికెల్ ఆక్సైడ్ వైపు మరక కనిపిస్తే ఆ సెల్ పక్కన పడేయండి. ఆ తర్వాత పరీక్ష కరెంటు లేకుండా కొలిచే వోల్టేజి. 3 శాతం తేమ ఉన్న హైడ్రోజన్‌తో 800 డిగ్రీల దగ్గర 1.1 వోల్టుల దాకా రావాలి. 1.0 వస్తే ఎక్కడో కారుతోందన్నమాట. ఇంపిడెన్స్ గీతలకు వ్యాఖ్యానాలు రాయడం ఆపి ముందు కారేచోటు వెతకండి. సీరియా ఎలక్ట్రోలైట్ అయితే కారకపోయినా ఒక వోల్టు లోపే చూపిస్తుంది, ఎందుకంటే అందులో కొంత ఎలక్ట్రాన్లు కూడా దొంగదారిన పోతాయి. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇక రామగుండం. ఘన ఆక్సైడ్ ఎలక్ట్రాలిసిస్ సామర్థ్యం తొంభై శాతం, నూరు శాతం అని మీరు చదివినవన్నీ అబద్ధాలు కావు, కానీ వాటి వెనక ఆవిరి దాగి ఉంటుంది. 800 డిగ్రీల దగ్గర సెల్ తనకు తాను వేడెక్కకుండా, చల్లబడకుండా నడిచే వోల్టేజి సుమారు 1.29. ఆ లెక్కన కిలో హైడ్రోజన్‌కు 34 యూనిట్ల కరెంటు చాలు. మామూలు ఎలక్ట్రోలైజర్లు 50 యూనిట్లకు పైనే తింటాయి. అయితే ఆ 34 యూనిట్లలో నీళ్లను మరిగించే ఖర్చు లేదు. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది కిలోల నీళ్లు, వాటిని ఆవిరి చేయడానికి మరో ఆరున్నర యూనిట్ల వేడి. ఆ వేడి ఊరికే దొరికే చోట మాత్రమే ఈ సెల్‌కు అసలు గెలుపు. ఒంటరిగా పొలంలో సౌర పలకల పక్కన పెడితే ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది.

ఊరికే వేడి దొరికే చోటు మనకు దగ్గర్లో ఏది? రామగుండం ఎరువుల కర్మాగారం. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. అమ్మోనియా పుట్టేటప్పుడు వేడి బయటికి వస్తుంది. ఆ అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్ కోసం నీళ్లు మరిగించే వేడిలో సుమారు మూడింట రెండు వంతులు, కాగితం మీద, దాంతోనే తీరుతుంది. పదార్థాల మనిషిగా నాకు ఇది చాలా ముచ్చటైన జోడీ అనిపిస్తుంది.

కానీ పరిమాణం చూడండి. 2,200 టన్నుల అమ్మోనియాకు రోజుకు 388 టన్నుల హైడ్రోజన్ కావాలి. ఆ 34కు కొంత నష్టం కలిపి కిలోకు 38 యూనిట్లు వేసుకుంటే రాత్రింబగళ్లు ఆగకుండా 600 మెగావాట్లకు పైగా కరెంటు. అక్కడే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 నుంచి పనిచేస్తున్న తేలే సౌర కేంద్రం 100 మెగావాట్లది. సూర్యుడు ఉండేది కొన్ని గంటలే కాబట్టి సగటున ఐదో వంతు వస్తుందనుకుంటే రోజుకు పన్నెండు, పదమూడు టన్నుల హైడ్రోజన్. నూటికి మూడు వంతులు. ఇంకో చిక్కు: యూరియాకు అమ్మోనియా ఒక్కటే చాలదు, కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడు అది సహజ వాయువు నుంచే వస్తోంది. గ్యాసు మానేస్తే దాన్ని పక్కనున్న బొగ్గు కేంద్రం పొగలోంచి పట్టుకోవాలి. కాబట్టి రేపే రామగుండం మారిపోతుందని మీ ప్రాజెక్టు నివేదిక మొదటి పేజీలో రాయకండి. ఆ నూటికి మూడు వంతులతో మొదలుపెట్టడానికి సరైన చోటు అని రాస్తే నేను సంతకం పెడతాను.

సూర్యుడితో నడపడంలో పదార్థాలకు వచ్చే కష్టం రాత్రిళ్లు. స్టాకును నిమిషానికి ఒకటి, రెండు డిగ్రీల చొప్పునే వేడెక్కించాలి, లేకపోతే గాజు సీళ్లు, సెళ్లు పగులుతాయి. చల్లబడితే మళ్లీ నడవడానికి సగం రోజు పోతుంది. అందుకని రాత్రంతా వేడిగానే ఉంచాలి, నికెల్ వైపు హైడ్రోజన్ కొద్దిగా పారుతూనే ఉండాలి. లేదా రాత్రి ఇంధన సెల్‌గా నడపాలి. ఇక్కడ పరీక్షకు నిలబడేది వాహకత కాదు, సీలు.

మరి మీరేం చేయాలి? నా సలహా ఉక్కు. స్టాకులో సెళ్ల మధ్య ఉండే పలక క్రోమియం ఉన్న ఫెరిటిక్ ఉక్కుతో చేస్తారు. వేడిలో దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి ఉక్కును కాపాడుతుంది. కానీ గాలిలో తేమ ఉంటే ఆ క్రోమియం ఆవిరైపోయి, వెళ్లి ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. ఎలక్ట్రోడ్ ఊపిరాడక చస్తుంది. చలిదేశాల్లో పొడి గాలితో చేసిన పరీక్షలు మన ఆషాఢమాసపు గాలికి సరిపోవు. మనకు కావలసిన లెక్కలు మనమే కొలుచుకోవాలి. పైగా దీనికి మీ దగ్గరున్న మఫుల్ ఫర్నేసు చాలు.

ఖరీదైన ప్రత్యేక ఉక్కు తెప్పించుకోలేకపోతే 430 రకంతో మొదలుపెట్టండి. అందులో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసే గిన్నెల అడుగున వాడే ఉక్కు అదే. దాని లోపం నాకు తెలుసు: సిలికాన్ ఎక్కువ, ఆక్సైడ్ పొర కింద సన్నటి సిలికా పొర ఒకటి దాక్కుని కరెంటును అడ్డుకుంటుంది. ఆ లోపాన్ని కొలవడం కూడా ఫలితమే. ముక్కలు కోసి, సగం వాటికి మాంగనీసు, కోబాల్ట్ కలిసిన స్పినెల్ (ఇదీ ఒక జాతి ఆక్సైడే) పూత వేయండి. పొడిని ద్రావణిలో కలిపి ముంచి తీస్తే చాలు. ముందు తక్కువ హైడ్రోజన్ ఉన్న నైట్రోజన్‌లో కాల్చి, తర్వాత గాలిలో కాలిస్తే పూత గట్టిగా కూడుతుంది. ఒక్కసారే గాలిలో కాల్చిన పూత జల్లెడలా ఉంటుంది, అది నేను చేసి చూశాను.

తర్వాత 800 డిగ్రీల దగ్గర ఐదు వందల గంటలు. గాలిని నీళ్ల సీసాలో బుడగలుగా పంపి లోపలికి పెట్టండి, గది వేడిమి 25 డిగ్రీలైతే అందులో తేమ 3 శాతం ఉంటుంది. యాభై గంటలకోసారి తీసి తూచండి. బరువు పెరుగుదలను వర్గం చేసి కాలంతో గీత గీస్తే తిన్నగా రావాలి. వంగిందంటే పూత ఊడుతోందో, కింద ఇంకేదో మొదలైందో చూడండి. నాలుగు తీగలతో నిరోధం కొలవండి. 40,000 గంటల తర్వాత కూడా చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీఓంలు దాటకూడదన్నది ఈ రంగంలో పెట్టుకున్న గీత. మీ ఐదు వందల గంటల నుంచి అక్కడికి ముందుచూపు లెక్క వేయవచ్చు.

ఎగిరిపోయే క్రోమియాన్ని పట్టుకోవడానికి ఒక అందమైన పద్ధతి ఉంది. బయటికి వెళ్లే గొట్టం లోపలి గోడకు సోడియం కార్బొనేట్ పూయండి. క్రోమియం ఆవిరి దానికి తగిలి సోడియం క్రోమేట్ అవుతుంది. వారం తర్వాత గొట్టాన్ని నీళ్లతో కడిగితే ఆ నీళ్లు లేత పసుపు రంగులో వస్తాయి. పూత లేని ఉక్కుది ఒక సీసాలో, పూత ఉన్నదానిది ఇంకో సీసాలో పట్టి పక్కపక్కన పెడితే, మీ మౌఖిక పరీక్షలో వేరే స్లైడు అక్కర్లేదు. రసాయన విభాగంలో ఉండే మామూలు స్పెక్ట్రోఫోటోమీటరుతో ఎన్ని మైక్రోగ్రాములో తేల్చవచ్చు. జాగ్రత్త, ఆ పసుపు ఆరు చేతుల క్రోమియం, క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, సింకులో పారబోయకండి.

ఎల్‌.ఎస్‌.సి.ఎఫ్‌. మీద మీకు మనసు ఉంటే దాన్ని వదలక్కర్లేదు. కొనుక్కొచ్చిన పొడితో ఒక పొర పూసి, ఉక్కు ముక్కల పక్కనే ఫర్నేసులో పెట్టి, ఐదు వందల గంటల ముందూ తర్వాతా ఇంపిడెన్స్ కొలవండి. వారానికి ఒకరోజు యంత్రం దానికి సరిపోతుంది.

ఉక్కు కొనడానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. 430 పట్టుకుంటుంది. పట్టుకోకపోతే దుకాణంలో మీకు 304 అంటగడుతున్నారన్నమాట. అది మీ సెల్‌కంటే దాదాపు డెబ్బై శాతం ఎక్కువ సాగే ఉక్కు.